ఒక్క ఏడాది విదేశంలో ఉంటే పిల్లల చదువు పోతుందా?



పేరెంట్-టీచర్ మీటింగ్ అంటే మామూలుగా మార్కులు, హోంవర్క్, హ్యాండ్‌రైటింగ్ గురించే మాట్లాడుకుంటాం. ఈ మధ్య వాటి మధ్యలో ఇంకో ప్రశ్న కూడా తరచుగా వినిపిస్తోంది. "మేడమ్, మా వారికి ఏడాది పాటు ఆన్‌సైట్ వచ్చింది. అందరం వెళ్దామంటున్నారు. బాబుకి ఇయర్ వేస్ట్ అవుతుందేమో?" అని ఒకరు అడుగుతారు. "ప్రాజెక్టు నాకే వచ్చింది మేడమ్. వాళ్ల నాన్నకి ఇక్కడి ఉద్యోగం వదలడం కుదరదు. పిల్లలిద్దరినీ తీసుకుని నేనొక్కదాన్నే వెళ్లాలి. ఆరో క్లాసులో ఫౌండేషన్ మిస్సయితే మళ్లీ అందుకోగలరా?" అని ఇంకొకరు అడుగుతారు. అడిగేటప్పుడు వాళ్ల గొంతులో నిజమైన భయం ఉంటుంది. ఒక తరం కష్టపడి ఇంగ్లీష్ మీడియం దాకా తెచ్చిన పిల్లల చదువు తమ నిర్ణయం వల్ల ఎక్కడైనా జారిపోతుందేమోనన్న భయం అది. దాన్ని తేలిగ్గా తీసుకోవడానికి లేదు.

నా అభిప్రాయం మొదటే సూటిగా చెప్పేస్తాను. మీ పిల్లలు నాలుగు నుంచి ఎనిమిదో తరగతి లోపు ఉంటే, ఇంటి పరిస్థితులు అనుకూలిస్తే, తీసుకెళ్లండి. ఆ ఏడాదిని నష్టం కింద రాసుకోకండి. అయితే అక్కడికి వెళ్లాక కూడా పిల్లల్ని నాలుగు గోడల మధ్యే కూర్చోబెట్టి, ఇక్కడి సిలబస్ మొత్తం ఆన్‌లైన్ ట్యూషన్‌లో చెప్పిస్తే మాత్రం వెళ్లిన ప్రయోజనం సగం పోతుంది. కొత్త దేశంలో కొత్త చెట్లు, కొత్త పక్షులు, కొత్త పురుగులు ఉంటాయి. పిల్లల్ని వాటి వెంట పడనివ్వండి. నేను ఇంగ్లీష్ టీచర్‌ని, సైన్స్ టీచర్‌ని కాదు. అయినా ఈ మాట ఎందుకంటున్నానో వివరిస్తాను.

జంషెడ్‌పూర్‌లో పుట్టిన అబ్బాయి

జెరాల్డ్ డరెల్ పేరు మీలో కొందరు విని ఉంటారు. 1925లో మన దేశంలోనే, జంషెడ్‌పూర్‌లో పుట్టాడు. తండ్రి ఇంజనీరు. తల్లి లూయిసా కూడా మన దేశంలో, రూర్కీలో పుట్టిన ఆవిడే. జెరాల్డ్‌కి మూడేళ్లప్పుడు, 1928లో, తండ్రి చనిపోయారు. నలుగురు పిల్లలతో ఒంటరిగా మిగిలిన లూయిసా ఇంగ్లండ్‌లో స్థిరపడడానికి ప్రయత్నించారు. అక్కడి చలి, అక్కడి జీవితం కుటుంబానికి సరిపడలేదు. ఆఖరివాడైన జెరాల్డ్‌కి స్కూలంటే అసలే గిట్టలేదు. 1935లో ఆవిడ పిల్లలతో గ్రీస్‌లోని కోర్ఫు అనే దీవికి తరలివెళ్లారు. అప్పటికి జెరాల్డ్ వయసు పదేళ్లు. మన లెక్కలో అయిదో క్లాసు.

వాళ్లు అక్కడ ఉన్నది ఏడాది మాత్రమే కాదు, దాదాపు నాలుగేళ్లు. 1939లో యుద్ధం ముంచుకొచ్చేసరికి ఇంగ్లండ్ తిరిగివెళ్లారు. ఆ నాలుగేళ్లలో జెరాల్డ్ మామూలు స్కూలుకు వెళ్లలేదు. ఇంటికి ట్యూటర్లు వచ్చేవారు. మిగతా సమయమంతా ఆలివ్ తోటల్లో, సముద్రపు ఒడ్డున, రాతి గోడల సందుల్లో తిరిగేవాడు. తాబేళ్లు, గుడ్లగూబ పిల్ల, పక్షి పిల్లలు, తేళ్లు, నీటి పురుగులు ఒక్కొక్కటిగా ఇంటికి చేరేవి. ఆ రోజుల గురించి 1956లో ఆయన రాసిన 'మై ఫ్యామిలీ అండ్ అదర్ ఆనిమల్స్' పుస్తకం ప్రపంచమంతా చదివింది. అందులో సరదా కోసం కొంత కల్పన కలిసిన మాట నిజమే. జంతువుల మీద ఆ అబ్బాయికి ఉన్న పిచ్చి మాత్రం కల్పన కాదు. ఆ తర్వాతి జీవితమే దానికి సాక్ష్యం.

1959లో ఆయన జెర్సీ దీవిలో సొంతంగా ఒక జూ తెరిచారు. జనం టికెట్ కొని చూసి వెళ్లడం కోసమే నడిపిన జూ కాదది. అంతరించిపోయే దశలో ఉన్న జీవుల్ని కాపాడి, వాటి సంతతి పెంచి, మళ్లీ వాటి చోటికి పంపాలన్నది ఆయన ఉద్దేశం. 1974 నాటికి మారిషస్ దీవిలోని ఒక రకం చిన్న డేగలు, అడవిలో తెలిసినంతవరకు నాలుగే మిగిలాయి. ఆయన స్థాపించిన ట్రస్టు, ఇంకా ఎంతోమంది కలిసి చేసిన పనివల్ల ఆ సంఖ్య మళ్లీ వందల్లోకి చేరింది. మన అస్సాంలో పిగ్మీ హాగ్ అనే మరుగుజ్జు అడవిపందిని కాపాడే పనిలో కూడా ఆ ట్రస్టు 1990ల నుంచి పాలుపంచుకుంటోంది. డిగ్రీ చదవని మనిషి చేసిన పని ఇది.

అగ్గిపెట్టెలో తేలు

ఈ కథలో నాకు అందరికన్నా ఇష్టమైన మనిషి జెరాల్డ్ కాదు, వాళ్లమ్మ లూయిసా.

పుస్తకంలో ఒక సంఘటన ఉంది. జెరాల్డ్ ఒక తల్లి తేలును, దాని వీపు మీదున్న పిల్లలతో సహా, అగ్గిపెట్టెలో పెట్టి ఇంట్లో దాస్తాడు. భోజనం అయ్యాక అన్నయ్య సిగరెట్ వెలిగించుకోవడానికి ఆ అగ్గిపెట్టే తెరుస్తాడు. బల్ల మీద తేళ్లు పరిగెత్తడం, అందరూ కేకలు పెట్టడం, కుక్క ఎవరినో కరవడం, ఇల్లంతా గందరగోళం. మన ఇంట్లో జరిగితే ఏం చేస్తామో మనందరికీ తెలుసు. ఆ ఇంట్లోనూ పెద్ద గొడవే అయింది. కానీ ఆ మర్నాటి నుంచి బయటికి వెళ్లకూడదని ఆ పిల్లవాడికి ఎవరూ ఆంక్ష పెట్టలేదు.

లూయిసాకి జంతుశాస్త్రం తెలియదు. నలుగురు పిల్లలు, అంతంతమాత్రం డబ్బు, కొత్త భాష. అయినా ఆవిడ రెండు పనులు చేశారు. మొదటిది, కొడుకు ఇష్టాన్ని చెడు అలవాటుగా చూడలేదు. రెండోది, తనకు తెలియని విషయం తెలిసిన పెద్దమనిషి దగ్గరికి వాడిని వెళ్లనిచ్చారు. థియోడోర్ స్టెఫనిడిస్ అనే డాక్టర్ ఆ దీవిలో ఉండేవారు. వైద్యంతో పాటు మొక్కలు, నీటి జీవులు, నక్షత్రాలు, కవిత్వం అన్నీ తెలిసిన మనిషి. పదేళ్ల పిల్లవాడితో ఆయన సాటి శాస్త్రవేత్తతో మాట్లాడినట్టు మాట్లాడేవారట. చిన్న పాకెట్ మైక్రోస్కోప్ కూడా పంపారు. మంచి గురువు దొరకడమంటే అదే.

టీచర్లం గమనించాల్సిన ఇంకో విషయం కూడా ఆ పుస్తకంలో ఉంది. ట్యూటర్ చరిత్ర చెబుతుంటే అబ్బాయికి విసుగు. హానిబల్ ఏనుగులతో ఆల్ప్స్ పర్వతాలు దాటిన పాఠం వచ్చేసరికి మాత్రం ఆ ఏనుగుల గురించి వివరాలన్నీ కావాలి. ట్యూటర్ కోప్పడకుండా ఆ ఏనుగుల మీదుగానే చరిత్ర చెప్పారు. దేశపటాలు గీసేటప్పుడు ఏ దేశంలో ఏ జంతువు ఉంటుందో దాని బొమ్మ కూడా వేయించారు. పిల్లవాడికి భూగోళం వచ్చేసింది.

కోళ్లగూట్లో కూర్చున్న పాప

జేన్ గుడాల్ విషయంలోనూ వెనుక ఉన్నది ఒక తల్లే. 2025 అక్టోబరులో 91 ఏళ్ల వయసులో ఆమె చనిపోయినప్పుడు పేపర్లన్నీ ఆమె చింపాంజీల పరిశోధన గురించి రాశాయి. అంతకు చాలా ముందు, నాలుగైదేళ్ల పాపగా ఉన్నప్పుడు, కోడి గుడ్డు ఎక్కడి నుంచి పెడుతుందో చూడాలని ఆమె కోళ్లగూట్లో దూరి గంటల తరబడి కదలకుండా కూర్చుంది. పాప కనిపించక ఇంట్లో అందరూ వెతికారు, పోలీసులకు కూడా చెప్పారు. జుట్టు నిండా గడ్డితో పాప పరిగెత్తుకొచ్చినప్పుడు తల్లి వానీ తిట్టలేదు. పక్కన కూర్చుని గుడ్డు కథంతా విన్నారు. ఈ సంగతి గుడాల్ జీవితాంతం చెప్పుకున్నారు.

1960 జూలైలో, 26 ఏళ్ల వయసులో, ఆమె టాంజానియాలోని గోంబే అడవికి వెళ్లినప్పుడు అధికారులు ఒంటరి ఆడపిల్లను అనుమతించమన్నారు. తోడుగా వెళ్లింది అమ్మే. దోమలు, మలేరియా, టెంట్‌లో నివాసం. మొదటి నెలల్లో చింపాంజీలు ఆమెను చూడగానే పారిపోయేవి. రోజంతా కొండ మీద కూర్చుని ఏమీ కనిపించక తిరిగొచ్చిన కూతురికి సాయంత్రం ధైర్యం చెప్పింది కూడా అమ్మే. చుట్టుపక్కల జాలరులకు చిన్న చిన్న మందులిస్తూ ఆ ఊళ్లవాళ్ల నమ్మకం సంపాదించింది కూడా ఆవిడే. అదే ఏడాది నవంబరులో జేన్ ఒక చింపాంజీ పుల్లతో చెదపురుగుల్ని పుట్టలోంచి బయటికి లాగి తినడం చూశారు. పనిముట్లు తయారుచేసేది మనిషి ఒక్కడే అన్న అప్పటి నమ్మకం దాంతో మారిపోయింది. అప్పటికి ఆమెకు డిగ్రీ లేదు. తర్వాత నేరుగా కేంబ్రిడ్జ్‌లో పీహెచ్‌డీ చేశారు.

ఆ మొదటి నెలల్లో ఆమెకు పనికొచ్చింది కోళ్లగూట్లో నేర్చుకున్న ఓపికే.

ఇంగ్లీష్ టీచర్‌కి దీంతో ఏం పని?

సెలవులు అయిపోగానే మేము పిల్లల చేత 'సెలవుల్లో నేనేం చేశాను' అని కాంపోజిషన్ రాయిస్తాం. దిద్దుతుంటే నోట్‌బుక్ తర్వాత నోట్‌బుక్‌లో ఒకటే వాక్యం ఎదురవుతుంది: 'వి ఎంజాయ్డ్ ఎ లాట్.' గోవా వెళ్లినవాళ్లు, దుబాయ్ వెళ్లినవాళ్లు, అమ్మమ్మ ఊరెళ్లినవాళ్లు అందరూ అదే రాస్తారు. ఖర్చు లక్షల్లో అయినా వందల్లో అయినా వాక్యం మారదు. ఎందుకంటే చాలా ప్రయాణాల్లో పిల్లలు ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేరతారు, ఫోటోలు దిగుతారు, తింటారు. ఒకే వస్తువును పదినిమిషాలు చూసే అవకాశం వాళ్లకు రాదు.

ఒకసారి ఒక బాబు అమ్మమ్మ ఇంటి కిటికీ ఊచ పక్కన కందిరీగ మట్టి తెచ్చి గూడు కట్టడం గురించి రెండు పేజీలు రాశాడు. గ్రామర్ తప్పులు చాలానే ఉన్నాయి. కానీ 'బికాజ్', 'ఆఫ్టర్ దట్', 'ఐ థింక్' అన్న మాటలు వాటంతట అవే వచ్చి కూర్చున్నాయి. కళ్లతో చూసింది చెప్పాలనుకున్నప్పుడు పిల్లలు భాషను వెతుక్కుంటారు. ఆ వెతుకులాట లేకుండా మేం ఎన్ని ఎస్సేలు బోర్డు మీద రాసి కాపీ చేయించినా అవి పరీక్ష దాకానే.

సైన్స్ టీచర్లను అడిగితే ఇదే సంగతి వాళ్ల మాటల్లో చెబుతారు. చూడడం, లెక్కపెట్టడం, రాసుకోవడం, కారణం ఊహించడం, మర్నాడు మళ్లీ చూసి సరిచూసుకోవడం. రేపు ఏ ఎంట్రన్స్ రాసినా, ఏ ఉద్యోగం చేసినా అవసరమయ్యే అలవాటు ఇది. ఇల్లు, ఊరు, రుతువులు అన్నీ కొత్తగా కనిపించే ఏడాదిలో ఈ అలవాటు తేలిగ్గా పడుతుంది. ఎక్కడికి వెళ్లినా పిల్లల కళ్లు మొదటి ఆరు నెలలు బాగా తెరుచుకుని ఉంటాయి.

రెండో వైపు కూడా చూద్దాం

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పకపోతే న్యాయం కాదు. 'అలా తిరగనిస్తే మావాడూ డరెల్ అయిపోతాడు' అనుకోకండి. అదే అమ్మ, అదే దీవి, అవే నాలుగేళ్లు. పెద్దన్న లారెన్స్ పేరున్న నవలా రచయిత అయ్యారు. అక్క మార్గరెట్ ఆ తర్వాత ఇంగ్లండ్‌లో బోర్డింగ్ హౌస్ నడిపారు. రెండో అన్న లెస్లీకి పెద్దయ్యాక కుదురైన వృత్తి అంటూ దొరకలేదు. దీవి వల్ల అందరూ గొప్పవాళ్లు కాలేదు. కాబట్టి విదేశీ ప్రయాణాన్ని కెరీర్ పెట్టుబడిలా చూడకండి. ఆ ఏడాది పిల్లలు బాగా గమనించి, బాగా ప్రశ్నించి, అమ్మానాన్నలతో ఎక్కువ సమయం గడిపారంటే అదే ఫలితం.

ఇంకో అభ్యంతరం డబ్బు. విదేశంలో ఏడాది గడపడం అందరికీ సాధ్యం కాదు. అవకాశం వచ్చినవాళ్ల గురించే నేను చెబుతున్నాను. అప్పు చేసి మరీ వెళ్లమని కాదు. మూడో అభ్యంతరం ఒంటరితనం. పిల్లలు స్నేహితుల్ని వదిలి వెళ్లాలి, వచ్చాక మళ్లీ కొత్త సెక్షన్‌లో కూర్చోవాలి. ఇది చిన్న విషయం కాదు. వెళ్లే ముందు వాళ్లతో మాట్లాడండి, వాళ్ల అభిప్రాయం వినండి. ఒక్కరే పిల్లల్ని తీసుకెళ్తున్న తల్లికో తండ్రికో అక్కడ ఒక తెలుగు కుటుంబం, ఒక పొరుగింటివాళ్లు తోడుంటే చాలా బరువు తగ్గుతుంది.

మన వాళ్లు వెళ్లే ఊళ్లలో ఏముంది?

అడవికో ద్వీపానికో వెళ్తేనే జంతువులు కనిపిస్తాయని లేదు. మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ఊళ్లలోనే చూడదగినవి ఎన్నో ఉన్నాయి.

టెక్సాస్‌లో ఉంటే అక్టోబరులో మోనార్క్ సీతాకోకచిలుకలు మెక్సికో వైపు వెళ్తూ ఆకాశంలో కనిపిస్తాయి. అర గ్రాము బరువుండే ప్రాణి వేల కిలోమీటర్లు ఎగురుతుందంటే ఏ పిల్లవాడు ఆశ్చర్యపోడు? అదే రాష్ట్రంలోని ఆస్టిన్ నగరంలో ఒక వంతెన కింద లక్షల గబ్బిలాలు ఉంటాయి. వేసవి సాయంత్రాల్లో అవి పొగలా బయటికి వస్తుంటే ఊరంతా వచ్చి చూస్తుంది. న్యూజెర్సీలో ఉంటే మే, జూన్ నెలల్లో డెలావేర్ తీరానికి వెళ్లండి. గుర్రపు డెక్క ఆకారంలో ఉండే పీతలాంటి అతి పురాతన జీవులు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి. దక్షిణ అమెరికా నుంచి ఉత్తరానికి ఎగిరే పక్షులు మధ్యలో ఆగి ఆ గుడ్లు తిని బలం పుంజుకుంటాయి.

మెల్‌బోర్న్ నుంచి సుమారు రెండు గంటల దూరంలో ఫిలిప్ ఐలాండ్ ఉంది. చీకటి పడే వేళ అడుగు ఎత్తుండే పెంగ్విన్‌లు సముద్రంలోంచి వరుసగా ఇంటికి నడిచొస్తాయి. అక్కడే వసంతకాలంలో మ్యాగ్‌పై పక్షులు గూటి దగ్గరికొచ్చిన మనుషుల తల మీదకి దూసుకొస్తాయి. సైకిల్ మీద వెళ్లే పిల్లలు హెల్మెట్లకు పుల్లల్లాంటివి కట్టుకుని తిరుగుతారు. సింగపూర్‌లో నది ఒడ్డునే నీటికుక్కల కుటుంబాలు ఆడుకుంటూ కనిపిస్తాయి. దుబాయ్‌లో రాస్ అల్ ఖోర్ దగ్గర చలికాలంలో ఫ్లెమింగోలు దిగుతాయి, వెనకాల ఆకాశహర్మ్యాలు కనిపిస్తుంటాయి. వీటిలో చాలావాటికి పెద్దగా ఖర్చు కూడా అవ్వదు.

తప్పనిసరిగా పాటించాల్సినవి

ఇష్టంతో పాటు హద్దు కూడా నేర్పాలి. డరెల్ చిన్నప్పుడు గూళ్లలోంచి పిల్లల్ని తెచ్చి పెంచుకున్నాడు. ఆ కాలం వేరు. ఇప్పుడు చాలా దేశాల్లో అది నేరం. మన దేశంలో కూడా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రామచిలుకను పంజరంలో పెట్టుకోవడం, నక్షత్ర తాబేలును 'కలిసొస్తుంది' అని ఇంట్లో ఉంచుకోవడం నేరమే. ఈ సంగతి మన పిల్లల్లో చాలామందికి తెలియదు.

కొన్ని నియమాలు ఫ్రిజ్ మీద అంటించి పెట్టుకోండి.

ఒకటి, అడవి జంతువుకు తిండి పెట్టకూడదు. సింగపూర్ లాంటి చోట్ల దానికి జరిమానా కూడా ఉంది.

రెండు, దూరం పాటించాలి. అమెరికాలోని ఎల్లోస్టోన్ నేషనల్ పార్క్‌లో ఎలుగుబంట్లు, తోడేళ్లకు కనీసం 100 గజాలు, మిగతా పెద్ద జంతువులకు 25 గజాల దూరం ఉండాలని నియమం. సెల్ఫీ కోసం దాన్ని మీరే మీరితే పిల్లలకు చెప్పే అర్హత పోతుంది.

మూడు, గబ్బిలాన్ని, వీధిలో దొరికిన ఏ జంతువునూ చేత్తో ముట్టుకోకూడదు. ఏ జంతువైనా కరిచినా గీరినా వెంటనే సబ్బు, నీళ్లతో 15 నిమిషాలు కడిగి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. తిడతారన్న భయంతో పిల్లలు ఆ సంగతి దాచకుండా మీరు ముందే ధైర్యం చెప్పాలి.

నాలుగు, అమెరికా ఈశాన్య ప్రాంతంలో గడ్డి, పొదల్లో తిరిగొచ్చాక ఒంటి మీద పిడుదులు పట్టాయేమో చూడాలి. వాటి వల్ల లైమ్ అనే జబ్బు వస్తుంది.

అయిదు, పగడాలు, జంతువుల చర్మం, దంతాలతో చేసిన వస్తువులు గుర్తుగా కొనకండి. చాలావాటిని దేశాల సరిహద్దు దాటించడం నిషేధం.

చదువు విషయంలో ఏం చేయాలి?

వెళ్లే ముందు ప్రిన్సిపాల్ గారిని కలిసి, తిరిగొచ్చాక ఏ తరగతిలో చేర్చుకుంటారో అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. సీబీఎస్ఈలో తొమ్మిదో తరగతిలోనే బోర్డు రిజిస్ట్రేషన్ మొదలవుతుంది. అందుకే తొమ్మిది, పది తరగతుల మధ్య, ఇంటర్ మధ్య ఏడాది తప్పించడం కష్టం. నాలుగు నుంచి ఎనిమిది అని ముందే అన్నది ఇందుకే. టీకాల రికార్డు దగ్గర పెట్టుకోండి, అమెరికా స్కూళ్లు చేరేటప్పుడే అడుగుతాయి. మన విద్యా సంవత్సరం జూన్‌లో మొదలైతే అమెరికాలో ఆగస్టులో, ఆస్ట్రేలియాలో జనవరి చివర్లో మొదలవుతుంది. దాన్ని బట్టి ప్రయాణం తేదీలు చూసుకోండి. అక్కడి స్కూలు ఇచ్చే రిపోర్ట్ కార్డు, ట్రాన్స్‌ఫర్ కాగితాలు ఒక్కటి కూడా పారేయకండి.

సబ్జెక్టుల్లో గణితం ఒక్కటి వదలొద్దు. రోజుకు అరగంట చాలు. సోషల్, సైన్స్ తిరిగొచ్చాక అందుకోవచ్చు. ఇంగ్లీష్ గురించి బెంగ అక్కర్లేదు, అది అక్కడ గాలిలోనే ఉంటుంది.

బెంగ పెట్టుకోవాల్సింది తెలుగు గురించి. ఏడాదిలో చదవడం నెమ్మదిస్తుంది, రాయడం మర్చిపోతారు. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం స్కూళ్లన్నింటిలో తెలుగు తప్పనిసరి, కాబట్టి వచ్చాక పరీక్షల్లోనూ ఇబ్బందే. దీనికి నా సలహా ఒక్కటే. చూసిన జంతువుల గురించి ఒక నోట్‌బుక్ పెట్టించండి, అది తెలుగులో రాయించండి. తేదీ, చోటు, ఎన్ని ఉన్నాయి, ఏం చేస్తున్నాయి, ఒక చిన్న బొమ్మ. వారానికి ఒక పేజీ. ఆదివారం వీడియో కాల్‌లో తాతయ్యకో నాయనమ్మకో ఆ పేజీ చదివి వినిపించమనండి. అలాంటి పక్షి మన ఊళ్లో ఉందా, దాన్ని ఏమంటారు అని పెద్దవాళ్లను అడగమనండి. దసరా రోజు పాలపిట్టను ఎందుకు చూడాలంటారో, అది తెలంగాణ రాష్ట్ర పక్షి అని తెలుసో లేదో, ఆ మాటల్లోనే వస్తుంది. పిల్లలకు తెలుగు నిలుస్తుంది, పెద్దవాళ్లకు మనవలు దగ్గరవుతారు.

వెళ్లలేని వాళ్లకు

మనలో ఎక్కువమంది వెళ్లలేం. నేనూ పాస్‌పోర్ట్ మీద ఒక్క స్టాంపు లేని మనిషినే. అయినా ఇక్కడ కొరత లేదు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో ఏటా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చెట్ల మీద గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతాయి. ఊరివాళ్లు వాటిని పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు. సైబీరియా పక్షులని మనం అలవాటుగా అంటుంటాం కానీ ఆ రెండూ మన ఉపఖండపు పక్షులే. ఈ చిన్న సంగతి వెతికి తెలుసుకోవడం కూడా పిల్లలకు మంచి ప్రాజెక్టు. పులికాట్ సరస్సు, నేలపట్టులో చలికాలం పక్షులు ఉంటాయి. విశాఖ తీరానికి చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువు ఒక ఆదివారం చాలు.

అపార్ట్‌మెంట్‌లో ఉన్నా బాల్కనీలో పావురం, గోడ మీద బల్లి, కుండీలో చీమలు ఉంటాయి. బల్లి ఏ వేళకి ఏ మూలకి వస్తుందో వారం రోజులు రాసుకుంటే అది నిజమైన పరిశీలన. వచ్చే నెల నుంచి మా ఆరు, ఏడు తరగతుల పిల్లలు వారానికి ఒక రోజు హోంవర్క్‌గా ఇలాంటి పేజీ ఒకటి రాస్తారు. దానికి మార్కులుండవు, ర్యాంకు ఉండదు. ఆ సాయంత్రం మీ పిల్లలు మిమ్మల్ని బాల్కనీలోకి పిలిచి ఏదో చూపిస్తామంటే, దయచేసి ఫోన్ పక్కన పెట్టి ఒక్క పదినిమిషాలు వెళ్లండి. వాళ్లు చూపించేది మీకు తెలిసిందే అయినా, మొత్తం చెప్పేదాకా వినండి.

– మిడిల్ స్కూల్ ఇంగ్లీష్ టీచర్